కథలో విడిచిన చోటు: సీమ నాటకంలో పురాణం, రాజకీయం
(బళ్లారి రాఘవ స్మారకోపన్యాసం)



బళ్లారి రాఘవ గారి పేరు మీద మాట్లాడమని పిలిచారు. ఆ పేరు పక్కన నిలబడడమే నాకు గౌరవం. ఆయన 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. బళ్లారిలో వకీలుగా పేరు తెచ్చుకున్నారు. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగస్థలం మీద నిలిచారు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారిని మనం ఆంధ్ర నాటక పితామహుడని పిలుచుకుంటాం. ఆ రోజుల్లో బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు అన్నీ దత్తమండలమే, కాబట్టి రాఘవ గారు మన మనిషి. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను వేదిక మీదికి తీసుకొచ్చినవారు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షా వంటి వారితో నాటకం గురించి మాట్లాడి వచ్చినవారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. ఆ తేదీ వీరేశలింగం గారి పుట్టినరోజు కూడా. తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకున్నప్పుడల్లా ఇద్దరినీ తలుచుకోవాలి.

రాఘవ గారు హిరణ్యకశిపుడు, హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు వంటి వేషాలెన్నో వేశారు. నాకు మాత్రం ఆయన పఠాన్ రుస్తుం వేషమే పదే పదే గుర్తొస్తుంది. కోలాచలం శ్రీనివాసరావు గారు విజయనగర పతనం మీద రాసిన రామరాజు చరిత్రలోది ఆ పాత్ర. విజయనగరం కూలిన నేల మీద, హంపికి ఎంతో దూరం కాని బళ్లారిలో, ఆ పతనాన్నే నాటకంగా ఆడుతుంటే జనం పఠాను వేషాన్ని చూడడానికి విరగబడి వచ్చేవారు. ఎదుటి పక్షం మనిషి గుండెలోకి ప్రేక్షకుణ్ణి తీసుకుపోగలిగాడంటే ఆ నటుడు రాజకీయం చెప్పినట్టే. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ దారిలోదే. మన సీమ నాటకంలో రాజకీయం ఎక్కడ కూర్చుంటుంది? రచయిత కలంలో తక్కువ. కథ ఒక క్షణం ఆగి, వేషధారి కోసం కాస్త చోటు విడిచిపెడుతుంది కదా, అక్కడ ఎక్కువ. ఆ చోటు గురించే నా మాట.

1

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్లి సందర్భంగా జరిగిన సంగతి మీకు తెలిసిందే. వనారస గోవిందరావు గారి కుటుంబం తోలుబొమ్మలాడించే కుటుంబం. మహారాష్ట్రం వైపు నుంచి తరతరాల కింద ఇటు వచ్చినవాళ్లు. ఆ పెళ్లిలో బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. సురభి నాటకాలు అక్కడ మొదలయ్యాయి. ఇంటి ఆడవాళ్లే ద్రౌపదులు, సీతలు అయ్యారు.

ఇదే కథను 1907లో మరాఠీలో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ నాటకంగా రాశారు. అక్కడ కీచకుడిలో జనానికి లార్డ్ కర్జన్ కనిపించాడు, సైరంధ్రిలో భారతదేశం కనిపించింది. 1910లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నాటకాలను ఆపడానికి 1876లోనే చట్టం తెచ్చుకుని పెట్టుకున్నారు. ఆ చట్టం స్వతంత్రం వచ్చాక కూడా పుస్తకాల్లో ఉండిపోయి, 2018లో గాని రద్దు కాలేదు.

కథ ఒకటే. కడపలో పెళ్లివారి ముందు ఆడితే వినోదం, పూనాలో ఆడితే రాజద్రోహం. పురాణం తనంతట తాను రాజకీయం మాట్లాడదు. మాట్లాడించే కాలం, మాట్లాడించే నోరు ఉండాలి. మరాఠీలో ఆ నోరు రచయితది. మరి రచయిత పేరే లేని మన పల్లె నాటకంలో ఆ నోరు ఎవరిది?

2

సురభివారు వదిలి వచ్చిన తోలుబొమ్మల తెరనే చూడండి. రాముడు, రావణుడు ఎంత గంభీరంగా నడిచినా, మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరకుండా ఆట సాగదు. వాళ్లకు రామాయణంలో చోటు లేదు. వాల్మీకికి వాళ్లెవరో తెలియదు. కాని ఊరి కరణం లంచం, షావుకారు వడ్డీ, ఎండిన చెరువు గురించి మాట్లాడే హక్కు ఆ తెర మీద వాళ్లకే ఉంది. రాముడు రాముడుగానే ఉంటాడు, కేతిగాడు ఈ ఊరివాడుగా ఉంటాడు. పురాణానికీ పల్లెకూ నడుమ తలుపు తీసి పెట్టేవాడు అతనే.

బుర్రకథలో ఇది ఇంకా స్పష్టం. తంబురా పట్టిన కథకుడు నడుమ నిలబడతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. ఆలోచించి చూడండి, ఒక కళారూపం తన కట్టడిలోనే రాజకీయానికి ఒక మనిషిని కేటాయించి పెట్టింది! వీరుడి కథ పరుగెడుతుంటే అతను ఆపుతాడు, ప్రశ్న వేస్తాడు, ఈనాటి సంగతి ఎత్తుతాడు, తరువాత కథకుడు మళ్లీ అందుకుంటాడు. 1940లలో షేక్ నాజర్ గారు ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథను అంత పదునుగా వాడగలిగారంటే, ఆ పదును పెట్టుకునే చోటు అందులో ముందే ఉంది. మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనల మీద నిషేధం పెట్టింది కూడా అందుకే. అదే నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది.

మన రేనాటి కథ కూడా ఆ గొంతుల్లోనే బతికింది. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాడు. పాలెగాళ్ల అధికారం పోయి నెలసరి తవర్జీలు మిగిలాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్ల దగ్గర ఉరి తీశారు. ఆ తలను 1877 దాకా కోట బురుజుకు వేలాడదీశారని చెబుతారు. ముప్పై ఏళ్లు! ఒక తరం పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు. దాన్ని అక్కడ వేలాడదీసినవాళ్లు భయం నేర్పుతున్నామనుకున్నారు. పాట కట్టినవాళ్లు, తందాన చెప్పినవాళ్లు పిల్లలకు వేరే సంగతి నేర్పారు. 2019లో సినిమా రావడానికి ఎంతో ముందే నరసింహారెడ్డి మన గొంతుల్లో ఉన్నాడు.

3

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సీమ పల్లెల్లో నాటకం అనగానే గుర్తొచ్చేది బ్రహ్మంగారి నాటకం. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారింట పశువులు కాసిన మనిషి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాసిన మనిషి, కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేసుకుని బతికి అక్కడే సమాధిలోకి వెళ్లిన మనిషి. కర్నూలు, కడప రెండూ ఆయన నడిచిన నేలలే. ఈ కథలో రాజు లేడు. నాయకుడు చేతిపనివాడు. శిష్యుల్లో పెద్దవాడు సిద్ధయ్య, ముడుమాల దూదేకుల బిడ్డ. ఇంకో శిష్యుడు కక్కయ్య, మాదిగ. పాత్రల పట్టిక చదివితేనే ఇది ఎవరి నాటకమో తెలుస్తుంది.

రాజకీయానికి ఈ నాటకంలో రెండు చోట్లున్నాయి. మొదటిది కాలజ్ఞానం చెప్పే ఘట్టం. ఇక్కడ వేషధారికి దొరికే వెసులుబాటు మరే నాటకంలోనూ లేదు. మూడు వందల ఏళ్ల కిందటి స్వామి నోటితో, భవిష్యత్తు చెబుతున్నట్టుగా, ఈనాటి సంగతులన్నీ చెప్పవచ్చు. నటుడు మంత్రిని విమర్శించడం లేదు, బ్రహ్మంగారు ముందే చూశారు, అంతే. ఏ దారోగా ఏమనగలడు? వితంతువు రాజ్యమేలుతుందన్న మాటకు ఇందిరా గాంధీ పేరు తగిలించారు. తెర మీది ముఖాలు రాజ్యం చేస్తాయన్న మాటకు అప్పటి మన ముఖ్యమంత్రి పేరే చేరింది. ఆ ముఖ్యమంత్రి, ఎన్.టి. రామారావు గారే బ్రహ్మంగారి వేషం వేసి తీసిన సినిమా సెన్సారు చిక్కులు దాటుకుని 1984 నవంబరులో విడుదలైంది. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పదవి పోయింది, సెప్టెంబరులో తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో కాలజ్ఞానం సినిమా హాల్లో విన్న మనిషి దాన్ని ఒట్టి భక్తిగా విన్నాడని ఎవరూ అనలేరు.

పల్లెల్లో ప్రతి తరం వేషధారీ ఈ ఘట్టానికి నాలుగు మాటలు చేరుస్తూనే వచ్చాడు. కరువు, కల్తీ, బోర్లు ఎండడం, కొడుకులు వలస పోవడం అన్నీ భవిష్యవాణిలోకి ఎక్కాయి. ఇక్కడున్న మాస్టర్లకు తెలుసు, ఆ రాత్రి జనం ఎక్కువ చప్పట్లు కొట్టేది పాత మాటలకు కాదు, నిన్న చేర్చినవాటికి.

అయితే ఈ చోటులో ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకపోతే నా మాట సగమే. జరిగేదంతా ముందే రాసి ఉందంటే, చేసినవాడి తప్పేముంది? కరువు బ్రహ్మంగారు చెప్పిందే అయితే కాలువ నీళ్లు ఎటు పోయాయని అడిగేవాడెవరు? కాలజ్ఞానం నిందను గట్టిగా పలికిస్తుంది, బాధ్యతను మాత్రం కాలానికి అప్పగించేస్తుంది. వింటూ తల ఊపినవాడు ఇంటికి పోయి పడుకుంటాడు.

అందుకే నాకు రెండో చోటు ముఖ్యం. అది సిద్ధయ్య నవాబు ముందు నిలబడే ఘట్టం. మతం విడిచాడని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే కడప నవాబు పిలిపిస్తాడు. సిద్ధయ్య వస్తాడు, భయపడడు. తన నమస్కారానికున్న బలం చూపడానికి బండరాయికి నమస్కరిస్తే అది పగులుతుంది. మహిమను పక్కన పెట్టి చూడండి. ఒక దూదేకుల కుర్రవాడు దర్బారులో తన గురువును తానే ఎంచుకున్నానని పాలకుడి ముఖం మీద చెబుతున్నాడు. ఇక్కడ జోస్యం లేదు. అడిగే అధికారం ఉన్నవాడు, జవాబు చెప్పే ధైర్యం ఉన్నవాడు ఎదురెదురుగా ఉన్నారు. మతం పేరుతో మనుషులను విడదీసే మాటలు పెరిగిన ఈ కాలంలో, సిద్ధయ్య వేషం కట్టే కుర్రవాడు ఆ ఘట్టాన్ని ఎంత నిదానంగా, ఎంత నిండుగా చెబితే అంత మేలు. మహిమ కోసం తొందరపడి, మాటలు కోసేసి బాంబు పేల్చి బండ పగలగొట్టే నాటకాలు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది.

కక్కయ్య ఘట్టం గురించి కూడా ఒక మాట. దేహంలో చక్రాలున్నాయని గురువు చెప్పింది చాటుగా విని, నిజమో కాదో చూడడానికి కక్కయ్య తన భార్య శరీరాన్నే కోస్తాడు. స్వామి ఆమెను బతికిస్తాడు, కక్కయ్య శిష్యుడవుతాడు. మగవాళ్ల జ్ఞానానికి ఖర్చు పెట్టిన దేహం ఆమెది. లేచి కూర్చున్నాక ఆమె ఏమంది? ఆ చోటు ఇంతవరకూ ఖాళీగానే ఉంది. అక్కడ ఆమెకు మాట ఇవ్వగలిగిన రచయిత్రి ఈ సభలోనే ఉండవచ్చు.

4

కురుక్షేత్రం గురించి కొద్దిగా. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు కోస్తాలో పుట్టినా, ఆ పద్యాలు సీమ పల్లెల్లో పాతుకుపోయాయి. రైతులు, ఆటో నడిపేవాళ్లు, టీచర్లు నెలల తరబడి మాస్టరు దగ్గర పద్యాలు నేర్చుకుని, తమ డబ్బే పెట్టుకుని ఒక్క రాత్రి వేషం కడతారు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వంతులవారీగా వస్తారు.

మన ఊళ్లలో రాయబారం సీను వినే తీరు వేరు. దాయాదులు, భూమి, పంతం, మధ్యవర్తి, అయిదూళ్లైనా ఇవ్వమనే బేరం, ఇవ్వననే బిగింపు, ఇదంతా మన జనానికి ద్వాపరయుగం సంగతి కాదు. ఫ్యాక్షన్‌లో మగదిక్కు పోయిన ఇళ్లున్న ఊళ్లో కృష్ణుడు యుద్ధం వద్దని పద్యం ఎత్తుకున్నప్పుడు ముందు వరుసలో కూర్చున్న పెద్దలు ఎవరో ఆ కృష్ణుడికి తెలుసు, పెద్దలకూ తెలుసు. పద్యంలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఎవరి వైపు తిరిగి పాడాడన్నదే వ్యాఖ్యానం. వన్స్‌మోర్ ఏ పద్యానికి వచ్చింది, ఏ వైపు నుంచి వచ్చింది అని గమనిస్తే ఊరి రాజకీయం తెలిసిపోతుంది.

5

ఇంతవరకూ ఆ చోటును మెచ్చుకున్నాను. దాన్ని పాడు చేసినవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

కాళ్లకూరి నారాయణరావు గారి చింతామణి సంస్కరణ నాటకం, వేశ్యాలోలత్వం ఇళ్లను కూల్చుతుందని చెప్పడానికి రాసినది. ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్రలో పుస్తకంలో లేని మాటలు, చేష్టలు చేరాయి. ఒక కులాన్ని కించపరిచే స్థాయికి వెళ్లాయి. ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం నాకు సమ్మతం కాదు. చేర్చిన మాటలకు శిక్ష నాటకం మొత్తానికి వేయడం అన్యాయం. కాని మనం కూడా ఒప్పుకోవాలి. కేతిగాడు కరణాన్ని అడిగాడు, బలమున్నవాణ్ణి అడిగాడు. ఆ చోటులో నిలబడి పక్కింటివాణ్ణి వెక్కిరిస్తే అది రాజకీయ వ్యాఖ్యానం అనిపించుకోదు.

రెండో చెరుపు సర్కారు వైపు నుంచి వచ్చింది. స్వతంత్రం వచ్చాక బుర్రకథను, జానపద రూపాలను కుటుంబ నియంత్రణకు, పొదుపుకు, పథకాల ప్రచారానికి విరివిగా వాడుకున్నారు. కళాకారులకు నాలుగు రూపాయలు దొరికాయి, దాన్ని నేను కాదనను. కాని రాజకీయం చెప్పే వంత ప్రశ్న అడగడం మాని ప్రకటన చదవడం మొదలుపెట్టాడు. నిషేధించిన చెయ్యి చేయలేని పనిని పారితోషికం ఇచ్చిన చెయ్యి చేసింది.

ఆ చోటును చక్కగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు. మనకు దూరంగా అస్సాంలో ఏం జరిగిందో చూడడం మంచిది. అక్కడ శంకరదేవుడు కృష్ణ కథలతో నిలబెట్టిన అంకియా నాటకాల్లో సూత్రధారుడు నాంది పలికి తెర చాటుకు పోడు, చివరిదాకా రంగం మీదే ఉండి కథకూ జనానికీ నడుమ మాట్లాడుతూనే ఉంటాడు. ఆ అలవాటున్న ప్రేక్షకులు దొరకబట్టే అక్కడి ఆధునికులు పురాణాన్ని ఈనాటి సంగతితో కలిపి ఆడగలిగారని నా నమ్మకం. 1963లో అచ్యుత్ లహకర్ పాఠశాల అనే పట్టణంలో మొదలుపెట్టిన నటరాజ్ థియేటర్‌తో అక్కడ డేరాల నాటకం ఒక పెద్ద పరిశ్రమే అయింది. మణిపురిలో రతన్ థియాం 1984లో చక్రవ్యూహంతో అభిమన్యుణ్ణి మన కాలపు కుర్రవాడుగా నిలబెట్టారు. డేరాలతో దేశం తిరిగిన సురభి మనకు 1885 నుంచి ఉంది. సూత్రధారుడి పని చేసే వంత, కేతిగాడు ఉన్నారు. లేనిదల్లా వాళ్ల కోసం కొత్తగా రాసే కలం.

6

ఏం రాయాలి అని విద్యార్థులు అడుగుతారు. ఒక్కటి చెబుతాను.

అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే ఊరి కోసం ముసలమ్మ అనే కోడలు బలి అయిన కథ మీకు తెలుసు. దాన్నే కట్టమంచి రామలింగారెడ్డి గారు ముసలమ్మ మరణంగా రాశారు. చెరువు కట్టకు ఆడమనిషిని బలి ఇచ్చిన కథలు ఈ నేల మీద ఇంకా ఉన్నాయి. ఈ కథలను మనం త్యాగం పేరుతో మెచ్చుకుని ఊరుకున్నాం. నీళ్ల కోసం బలి ఎవరు కావాలన్నది ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్న అందులో నిద్రపోతోంది.

ఇప్పుడు దాన్ని కృష్ణా నది ఒడ్డుకు తీసుకురండి. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1981 నాటికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు 100 గ్రామాలు మునిగాయి. ఇళ్లు కూల్చి జనాన్ని వెళ్లగొట్టారు. ఆలంపురం గుళ్ల చుట్టూ గోడ కట్టి కాపాడారు, కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. దేవుడికి పునరావాసం పద్ధతిగా జరిగింది. మనుషులకు అలా జరగలేదని ఆ ముంపు ఊళ్లవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ నీళ్లు ఎటు పోతున్నాయి, 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు చెప్పిన మాట ఏమైంది అన్నది మన రాజకీయమంతటికీ కేంద్రం. ముసలమ్మ కథలో చెరువు గట్టు మీద ఒక వంతను నిలబెట్టి ఈ ప్రశ్న వేయించండి. ముసలమ్మ గంగలో దిగే ముందు ఊరి పెద్దలను ఆమె చేతే అడిగించండి. పురాణం చెడిపోదు. వంత అడిగాక కథకుడు మళ్లీ అందుకుంటాడు, అది మన పద్ధతే.

చివరగా ఒక విన్నపం, కళాశాలల వారికీ విశ్వవిద్యాలయాల వారికీ. పల్లె నాటకాల అచ్చు ప్రతులు దొరుకుతున్నాయి. అచ్చులో లేనివి, మాస్టర్ల నోట్‌బుక్కుల్లోనూ వేషధారుల నాలుకల మీదా ఉన్న చేర్పులు దొరకడం లేదు. ఏ కరువు ఏడాది కాలజ్ఞానంలో ఏ మాట చేరింది, ఏ ఎన్నికల ముందు ఏ పద్యానికి వన్స్‌మోర్ పడింది అన్నది మన జిల్లాల రాజకీయ చరిత్ర. దాన్ని రాసిపెట్టుకున్న పెద్దలు డెబ్భైలు దాటి ఉన్నారు. విద్యార్థులను రికార్డర్లిచ్చి వాళ్ల దగ్గరికి ఈ వేసవిలోనే పంపండి. రికార్డు చేసినదాంట్లో ఆ మాస్టరు పేరు, ఊరి పేరు, ఆడిన ఏడాది తప్పకుండా రాయించండి. వాళ్లకు పారితోషికం ఇవ్వండి, దాని కోసం ఏం మాట్లాడాలో మాత్రం వాళ్లకు చెప్పకండి.